బెదిరే కుక్కకు నింపాది నేర్పడం

గుమ్మం దగ్గర అలికిడైతే చాలు దూకి మొరిగే కుక్కను, వీధిలోకి తీసుకెళ్తే గొలుసు తెగేలా లాగే కుక్కను చాలా ఇళ్లలో అల్లరిదనో మొండిదనో అనుకుంటారు గానీ, ఆ దూకుడులో ఎక్కువ పాలు భయానిదే అయిన సందర్భాలు తక్కువేమీ కావు. బెదిరిన జంతువుకు పారిపోయే దారి లేనప్పుడు, ముఖ్యంగా మెడకు గొలుసు ఉన్నప్పుడు, ఎదుటి దాన్ని అదిలించి దూరం పంపడమే దానికి మిగిలే మార్గం. ఎండ లేకున్నా రొప్పడం, నిద్రవేళ కాకున్నా ఆవలించడం, మాటిమాటికీ మూతి నాకుకోవడం, తోకను కాళ్ల మధ్యకు ముడుచుకోవడం వంటి గుర్తులు కలిసి కనిపిస్తే ఆ దూకుడు వెనుక ఆందోళన ఉందేమోనని చూడాలి. ఎప్పుడూ ఎగబడి తినే కుక్క చేతిలోని మాంసం ముక్కను కూడా పట్టించుకోకపోతే, ఆ క్షణంలో అది ఏదీ నేర్చుకోగల స్థితిలో లేదని గ్రహించాలి.

ఈ భయాన్ని తగ్గించే పద్ధతికి మూలాలు మనస్తత్వశాస్త్రంలో ఉన్నాయి. ఆహారానికి ముందు ఒక శబ్దాన్ని పదేపదే వినిపిస్తే కొంతకాలానికి ఆ శబ్దానికే కుక్కకు నోరూరుతుందని రష్యన్ శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ చూపగా, ఆ దారిలోనే భయాన్ని కూడా పోగొట్టవచ్చని 1924లో అమెరికన్ మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్ వెల్లడించారు. కుందేలంటే హడలిపోయే పీటర్ అనే దాదాపు మూడేళ్ల పిల్లవాడు ఇష్టమైన తిండి తింటుండగా ఆమె కుందేలును మొదట దూరంగా ఉంచి, క్రమంగా దగ్గరకు తెస్తూ, చివరకు వాడే దాన్ని నిమిరేలా చేయగలిగారు. భయపెట్టే దాన్ని భయం పుట్టనంత స్వల్ప మోతాదులో పరిచయం చేసి మెల్లగా పెంచడాన్ని డీసెన్సిటైజేషన్ అని, దాని వెంటనే ఇష్టమైనది అందించి మనసులోని చెడు ముద్రను మంచిదిగా మార్చడాన్ని కౌంటర్ కండిషనింగ్ అని అంటారు. ఈ రెండింటినీ సాధారణంగా కలిపే సాగిస్తారు.

తెలుగు ఇళ్లలోని కుక్కలకు ఏటా ఎదురయ్యే దీపావళి టపాసుల మోతను తీసుకుంటే ఈ పద్ధతి తేలికగా బోధపడుతుంది. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ వరకే వినగలిగితే కుక్క చెవి దాదాపు 45,000 హెర్ట్జ్ వరకు వింటుంది కాబట్టి, ఇంట్లోవారికి మామూలనిపించిన చోట కూడా దానికి శబ్దాల రద్దీ ఎక్కువే. పండుగకు రెండు మూడు నెలల ముందే టపాసుల రికార్డింగును, కుక్క చెవి ఇటు తిప్పి ఊరుకునేంత తక్కువ స్థాయిలో వినిపించి, ఆ వెంటనే ఉప్పుకారాలు లేని ఉడికించిన కోడిమాంసం ముక్కను ఇవ్వాలి. ఈ వరుస ఎంతో ముఖ్యం: తిండి ముందు వచ్చి శబ్దం తరువాత వస్తే, తిండే ప్రమాదానికి సంకేతమై కూర్చునే అవకాశం ఉంది. రికార్డింగులో మెరుపులు, మందుగుండు వాసన, నేల అదురు ఉండవు గనుక పండుగ రోజున చీకటి పడకముందే బయట తిప్పి తెచ్చి, లోపలి గదిలో కిటికీలు మూసి ఉంచడం కూడా అవసరమే. బెదిరిన కుక్కను దగ్గరకు తీసుకుంటే భయం ఇంకా ముదురుతుందన్న నమ్మకం నిలబడేది కాదు. భయం బహుమతి కోసం చేసే పని కాదు, పక్కకు చేరిన ప్రాణిని నిమరడంలో తప్పేమీ లేదు. కొట్టడం మాత్రం భయానికి మరో కారణాన్ని చేరుస్తుంది. అమెరికన్ వెటర్నరీ సొసైటీ ఆఫ్ యానిమల్ బిహేవియర్ 2021లో ఇచ్చిన ప్రకటనలో అన్ని కుక్కలకూ బహుమతుల ఆధారంగా సాగే శిక్షణనే సూచించింది.

ఉరుకులు పరుగులతో అలసిపోతే కుక్క కుదురుతుందన్న ఆలోచనలో సగమే నిజం ఉంది. గంటసేపు బంతి విసిరి పరుగెత్తిస్తే ఒళ్లు అలసినా మనసు ఇంకా రెచ్చిపోయి ఉండవచ్చు. అదే సమయం చెట్లూ గోడలూ వాసన చూసుకుంటూ తీరికగా నడవనిస్తే చాలా కుక్కలు నెమ్మదిస్తాయి. నింపాదిని కూడా పాఠంలాగా నేర్పవచ్చని పశువైద్యురాలు కారెన్ ఓవరాల్ రూపొందించిన రిలాక్సేషన్ ప్రోటోకాల్ చూపుతుంది. 15 రోజుల పాఠాలుగా ఉన్న ఈ అభ్యాసంలో కుక్క ఒకచోట కూర్చుని ఉండగా యజమాని ఒక అడుగు వెనక్కి వేయడం, చప్పట్లు కొట్టడం, గుమ్మం దాటి రావడం వంటివి చేస్తూ, అది కుదురుగా ఉన్న ప్రతిసారీ చిన్న ముక్క ఇస్తారు. ఒక రోజు పాఠం కుదరకపోతే దాన్నే మళ్లీ చేయించాలి తప్ప తేదీల వెంట పరుగెత్తకూడదు.

ఇంత చేసినా మార్పు కనబడటం లేదని చాలామంది మధ్యలోనే మానేయడానికి ఒక కారణం, మొరిగిందా లేదా అన్న ఒక్క ప్రశ్నతోనే ప్రగతిని కొలవడం. దానికి బదులు ఒక నోటు పుస్తకంలో రోజూ మూడు సంగతులు రాసుకోవడం మేలు: భయపెట్టే వస్తువు ఎంత దూరంలో ఉండగా కుక్క బిగుసుకుంది, ఆ సమయంలో తిండి తీసుకుందా, మళ్లీ మామూలు స్థితికి రావడానికి ఎంతసేపు పట్టింది. వీటిలో మూడోది అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే పది నిమిషాలు వణికిన కుక్క మూడు నిమిషాల్లో తేరుకుంటే, ముందులాగే మొరిగినా, దాని లోపల మార్పు మొదలైనట్టే. పక్కనే ఆ రోజు పరిస్థితులను కూడా రాయాలి. పొద్దున కొరియర్ మనిషి, మధ్యాహ్నం కుక్కర్ విజిల్, సాయంత్రం వీధికుక్కల గుంపు ఒకదాని మీద ఒకటి పేరుకుంటే, మామూలుగా ఓర్చుకునే దానికి కూడా ఆ రాత్రి కుక్క ఉలిక్కిపడుతుంది. ఒక్క రోజును చూసి తీర్పు చెప్పకుండా వారాన్ని వారంతో పోల్చాలి. వరుసగా కొన్నిసార్లు హాయిగా ఉంటేనే దూరాన్ని తగ్గించాలి, తడబడితే వెనక్కి జరగాలి. మూతి నాకుకోవడం వంటి చిన్న గుర్తులు ఆ హడావుడిలో కంటికి ఆనవు కనుక ఫోనులో తీసిన వీడియోలు ఈ రాతకు తోడవుతాయి.

వారాలు గడిచినా తేరుకునే సమయం తగ్గకపోతే, లేదా బెదురు ఉన్నట్టుండి మొదలైతే, పశువైద్యుణ్ణి కలవాలి. చెవిపోటు, కీళ్లనొప్పి వంటివి కూడా కుక్కను ఉలికిపడేలా, చిరాకుపడేలా చేయగలవు. ఒంటరిగా వదిలితే తల్లడిల్లే కుక్కలకు శిక్షణతో పాటు ఇచ్చేందుకు క్లోమిప్రమైన్, ఫ్లూఆక్సెటిన్ మందులకు అమెరికాలో అనుమతి ఉంది. అయితే మందు, మోతాదు నిర్ణయించాల్సింది వైద్యుడే గనుక, మనుషుల మందుల డబ్బా నుంచి తీసి ఇవ్వడం ప్రమాదకరం. వైద్యుడి ముందు పరీక్ష బల్ల మీద భయంతో కొయ్యబారిపోయే కుక్క ఇంట్లో ఎలా ఉంటుందో చెప్పగలిగేవి ఆ నోటు పుస్తకమూ వీడియోలే కాబట్టి, వాటిని వెంట తీసుకెళ్లాలి.