ప్రోటీను స్ఫటికాల పెంపకంలో ఉష్ణోగ్రత, విద్యుత్ క్షేత్రాల పాత్ర

పొలంలో చల్లిన యూరియా నేలలోని యూరియేజ్ అనే ఎంజైము చర్యవల్ల అమోనియాగా మారుతుంది. ఎరువు నేలపైనే ఉండిపోయి ఈ మార్పు వేగంగా జరిగితే నత్రజనిలో కొంత భాగం గాలిలో కలిసిపోతుంది. యూరియేజ్ చర్యను నెమ్మదింపజేసే నిరోధకాలను రూపొందించడానికి, ఆ ఎంజైములో యూరియా ఇమిడే చోటు పరమాణు స్థాయిలో తెలియాలి. అందుకు ప్రధాన మార్గం ఎంజైమును స్ఫటికంగా పెంచి దానిపై ఎక్స్-కిరణాలను ప్రసరింపజేయడం.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ సమ్నర్ 1926లో జాక్ బీన్ గింజల పిండి నుంచి యూరియేజ్ స్ఫటికాలను పొందారు. ఒక ఎంజైము స్ఫటిక రూపంలో లభించడం అదే మొదటిసారి. ఈ కృషికి 1946 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో ఆయనకు భాగం దక్కింది. అయితే జాక్ బీన్ యూరియేజ్ త్రిమితీయ నిర్మాణం వెల్లడైనది 2010లో, మద్రాసు విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల కృషివల్ల. స్ఫటికం కంటికి కనిపించడం వేరు, అది ఎక్స్-కిరణ పరిశోధనకు పనికిరావడం వేరు. ప్రోటీను స్ఫటికంలో దాదాపు సగం ద్రావణమే ఉంటుంది. అణువుల మధ్య బంధాలు బలహీనమైనవి కావడంతో చిన్న ఒడుదొడుకుకు కూడా వాటి అమరిక చెదురుతుంది.

మొలక వేరు, పెరుగుదల వేరు

ద్రావణంలో ప్రోటీను దాని ద్రావణీయతను మించి ఉన్నప్పుడే స్ఫటికం ఏర్పడుతుంది. ఈ స్థితిని అతిసంతృప్తత అంటారు. కొన్ని అణువులు కలిసి తొలి స్ఫటిక బీజంగా ఏర్పడటానికి ఎక్కువ అతిసంతృప్తత కావాలి. ఏర్పడిన బీజం పెరగడానికి తక్కువ చాలు. మొదటి స్థితి అలాగే కొనసాగితే బీజాలు లెక్కకు మించి పుట్టి, ఒత్తుగా పోసిన నారువలె ఒకదానితో ఒకటి పోటీపడి గిడసబారుతాయి. వెయ్యి స్ఫటికాలకు పంచుకుపోయే ప్రోటీను ఒకే స్ఫటికంలో చేరితే దాని పొడవు పది రెట్లవుతుంది. కనుక కొద్ది బీజాలను పుట్టించి, వెంటనే అతిసంతృప్తతను తగ్గించడమే ఈ పెంపకంలోని కీలకం.

ఉష్ణోగ్రత నియంత్రణ

ద్రావణంలో కొత్తగా ఏ పదార్థమూ కలపకుండా అతిసంతృప్తతను మార్చగల సాధనం ఉష్ణోగ్రత. కలకండ తయారీలో చిక్కని పాకాన్ని మెల్లగా చల్లారనివ్వడంలోని సూత్రమూ ఇదే. సమ్నర్ తన ప్రయోగశాలలో శీతలపేటిక లేని రోజుల్లో ద్రావణాన్ని కిటికీ గట్టుపై ఉంచి చలి రాత్రుల కోసం ఎదురుచూసినట్లు నోబెల్ ఉపన్యాసంలో తెలిపారు. నేడు పెల్టియర్ పరికరాలతో ఉష్ణోగ్రతను డిగ్రీలో పదోవంతు మేరకు కూడా సర్దవచ్చు.

కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్ ఇందుకు చక్కని ఉదాహరణ. ఉప్పు కలిపిన ఆమ్ల ద్రావణంలో ఉష్ణోగ్రతతో పాటు దీని ద్రావణీయత పెరుగుతుంది. ముందుగా ద్రావణాన్ని చల్లబరచి బీజాలను పుట్టిస్తారు. తరువాత కొద్దిగా వేడిచేస్తే మిక్కిలి చిన్న బీజాలు కరిగిపోయి కొన్నే మిగులుతాయి. అవి పెరిగేకొద్దీ ద్రావణంలో ప్రోటీను తగ్గుతుంది కనుక, ఆ మేరకు మళ్లీ నెమ్మదిగా చల్లబరుస్తారు. అయితే కొన్ని ప్రోటీనుల ద్రావణీయత వేడితో తగ్గుతుంది. అందుచేత ఏ ప్రోటీనుకైనా ముందుగా ద్రావణీయత రేఖను గీసుకోవడం తప్పనిసరి.

విద్యుత్ క్షేత్ర ప్రభావం

ఉష్ణోగ్రత స్ఫటిక బీజం ఎప్పుడు పుట్టాలో నిర్ణయిస్తే, విద్యుత్ క్షేత్రం అది ఎక్కడ పుట్టాలో నిర్ణయించడానికి తోడ్పడుతుంది. లైసోజైమ్ సమవిద్యుత్ బిందువు పీహెచ్ 11 సమీపంలో ఉంటుంది. పీహెచ్ 4.5 వద్ద అణువుపై నికర ధనావేశం ఉండటంవల్ల ఏకముఖ క్షేత్రంలో అది రుణ ధ్రువం వైపు కదులుతుంది. అక్కడ గాఢత పెరుగుతుంది, మిగిలిన చోట తగ్గుతుంది. ఇటువంటి ప్రయోగాలలో రుణ ధ్రువం చేరువలో తక్కువ సంఖ్యలో, పెద్ద పరిమాణంలో స్ఫటికాలు లభించినట్లు 1990ల చివరి నుంచి పరిశోధకులు నివేదించారు.

ధ్రువాల అమరిక రెండు విధాలు. ధ్రువాలను ద్రావణంలోనే ముంచితే స్వల్ప విద్యుత్తు ప్రవహిస్తుంది. దానివల్ల బుడగలు, పీహెచ్ మార్పు, వేడి అనే మూడు చిక్కులు కలుగుతాయి. వాటిని పాత్ర వెలుపల అమర్చితే ఈ చిక్కులు ఉండవు. కానీ ద్రావణంలోని లవణ అయాన్లు క్షేత్రాన్ని చాలావరకు అడ్డుకుంటాయి. స్ఫటికీకరణకు వాడే లవణ గాఢతలలో ఒక ఆవేశం ప్రభావం సాధారణంగా నానోమీటరు దూరంలోపే మరుగున పడుతుంది.

రెండింటినీ కలిపి పరిశీలించాలి

ద్రావణంలో విద్యుత్తు ప్రవహించినప్పుడు పుట్టే వేడి, విద్యుత్ ప్రవాహ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ద్రావణం కొద్దిగా వేడెక్కినా లైసోజైమ్ ద్రావణీయత పెరిగి బీజాల సంఖ్య తగ్గుతుంది. దానిని క్షేత్ర ప్రభావంగా భ్రమించే అవకాశం ఉంది. కాబట్టి ఉష్ణోగ్రతను పరికరం గోడవద్ద కాక ద్రావణం చెంతనే కొలవాలి. క్షేత్రం లేని నమూనాను అదే ఉష్ణోగ్రతలో పక్కనే ఉంచాలి. బీజాలు పుట్టడం యాదృచ్ఛిక ప్రక్రియ కనుక పునరావృతాలు తగినన్ని ఉండాలి. క్షేత్ర ప్రయోగంలో కంట్రోలు మడి లేని ఫలితాన్ని ఎరువు ప్రభావంగా ఎవరూ అంగీకరించరు. స్ఫటిక ప్రయోగానికీ అదే నియమం వర్తిస్తుంది.

ఆల్ఫాఫోల్డ్ వంటి కంప్యూటరు పద్ధతులు నేడు ప్రోటీను ఆకృతిని చాలావరకు ఊహించగలుగుతున్నాయి. అయినా ఒక నిరోధకం యూరియేజ్‌లోని నికెల్ పరమాణువుల చెంత ఏ తీరున బంధించుకుంటుందో రూఢిపరచడానికి ప్రయోగ సాక్ష్యం కావాలి. పంట మొక్కల ఎంజైములు, తెగుళ్ల కారకాల ప్రోటీనులు ఇంకా ఎన్నో ఈ పరిశీలనకు నోచుకోవలసి ఉన్నాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయ విద్యార్థులు తెల్లసొన లైసోజైమ్‌తోనే ఈ అభ్యాసాన్ని ప్రారంభించవచ్చు.