హతసాక్షుల జాబితాలో చరిత్ర ఎంత?

శ్రమకాలం వచ్చిందంటే చాలు, తెలుగు క్రైస్తవుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక జాబితా తిరగడం మొదలవుతుంది. పేతురును తలకిందులుగా సిలువ వేశారు, అంద్రెయను ఎక్స్ ఆకారపు సిలువకు కట్టారు, బర్తొలొమయి చర్మం ఒలిచారు, తోమాను బల్లేలతో పొడిచారు, సీమోనును రంపంతో కోశారు. యోహాను ఒక్కడే సహజంగా చనిపోయాడు, మిగతావాళ్ళంతా హతసాక్షులే అని లెక్క తేల్చి, ‘అబద్ధం కోసం ఎవరైనా ప్రాణమిస్తారా?’ అన్న ప్రశ్నతో ముగిస్తారు. గుడ్‌ఫ్రైడే వేదికల మీద కూడా ఇదే వరస. దీనివల్ల జరుగుతున్న నష్టం చిన్నది కాదు. పునరుత్థానానికి ఇదే గట్టి రుజువని చిన్నప్పటి నుంచీ విన్న కుర్రవాడు కాలేజీకి వెళ్ళాక ఫోనులో కాసేపు వెతికితే చాలు, ఈ జాబితాలో చాలా భాగం నిలవదని తెలిసిపోతుంది. అప్పుడతను జాబితాను మాత్రమే వదిలేసి ఊరుకోడు, అది చెప్పినవాళ్ళ మిగతా మాటలను కూడా అనుమానిస్తాడు. పైగా తోమా విషయంలో ఫలానా కులంవాళ్ళు చంపారని ఒక తోక తగిలిస్తున్నారు. పంతొమ్మిది వందల ఏళ్ళ కిందటి మరణానికి ఇవాళ్టి పక్కింటివాళ్ళను దోషులుగా చూపించే మాట అది. దీన్ని భక్తి అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు.

గట్టి ఆధారం ఉన్నవి ఏవో ముందు చూద్దాం. జెబెదయి కుమారుడైన యాకోబును హేరోదు కత్తితో చంపించాడని అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం ఒక్క వాక్యంలో చెబుతుంది. ఈ హేరోదు మొదటి అగ్రిప్ప; అతను క్రీ.శ. 44లో చనిపోయాడు కాబట్టి యాకోబు మరణం అంతకు కొంచెం ముందుది. యేసు సోదరుడైన యాకోబు సంగతి క్రైస్తవేతరుడైన యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. రోమన్ అధికారి ఫేస్తు చనిపోయి, కొత్త అధికారి అల్బీనస్ ఇంకా దారిలో ఉండగా, క్రీ.శ. 62లో ప్రధాన యాజకుడు అనానస్ ఆ సందు చూసుకుని సభ పెట్టి యాకోబును రాళ్ళతో కొట్టించాడు. ఆ తొందరపాటుకు పదవి పోగొట్టుకున్నాడు. పేతురు, పౌలు నీరో కాలంలో రోములో ప్రాణాలు విడిచారని చెప్పడానికి మొదటి శతాబ్దం చివర్లో రోము సంఘం కొరింథుకు రాసిన క్లెమెంతు లేఖ దగ్గర నుంచి వరసగా సాక్ష్యాలున్నాయి. మొత్తం నాలుగు మరణాలు. వీరిలో పౌలు గానీ, ప్రభువు సోదరుడైన యాకోబు గానీ పన్నెండుమందిలోని వారు కారు. అంటే ఆ పన్నెండుమందిలో హతసాక్షి మరణానికి గట్టి ఆధారం దొరికేది ఇద్దరికే.

మిగతా కథలు ఎక్కడివి? చాలా వరకు రెండో శతాబ్దం చివర, మూడో శతాబ్దంలో పుట్టిన పేతురు కార్యములు, అంద్రెయ కార్యములు, తోమా కార్యములు వంటి పుస్తకాల నుంచి వచ్చినవి. బైబిల్లో లేని ప్రతి గ్రంథాన్నీ అబద్ధ గ్రంథమని తోసిపుచ్చే మన బోధకులే, తెలియకుండా వాటిలోని ముగింపులను ప్రసంగ వేదిక మీద నుంచి చదువుతున్నారు. నాలుగో శతాబ్దపు సంఘ చరిత్రకారుడు యూసేబియస్ అంద్రెయ కార్యములను మతభ్రష్టుల రచనగా లెక్కగట్టాడు. ఆ పుస్తకాలు తెరిచి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. పేతురు కార్యములలో రోము నగర అధికారి అగ్రిప్పకు (ఇతను హేరోదు కాదు) ఉన్న నలుగురు ఉంపుడుగత్తెలు పేతురు బోధ విని అతని పడక మానేస్తారు. అతను పేతురును సిలువ వేయిస్తాడు. అంద్రెయ కార్యములలో పత్రాసు పట్టణపు అధికారి ఏగెయాతెస్ భార్య మాక్సిమిల్లా భర్తను దూరం పెడుతుంది. అతను అంద్రెయను సిలువకు కట్టిస్తాడు. తోమా కార్యములలో మజ్దాయి రాజు బంధువు ఖరీసియస్ భార్య మిగ్దోనియా, ఆ తర్వాత రాజు భార్య తెర్తియా అదే దారి పడతారు. రాజు నలుగురు సైనికులతో తోమాను పొడిపిస్తాడు. ముగ్గురి కథా ఒకే అచ్చులో పోసినది. సంసార జీవితమే పాపమని నమ్మిన వర్గాలు తమ బోధను అపొస్తలుల నోట పెట్టాయి. ఈ కథలను అక్షరాలా నమ్మినా, పునరుత్థానాన్ని కాదనమంటే కాదనలేదు కాబట్టి వాళ్ళను చంపారని వాటిలో లేదు. జాబితా కింద వేసే ఆ ప్రశ్నకు ఈ కథలు ఏ విధంగానూ జవాబు కాలేవు.

ఈ పుస్తకాలంత పాతవైన ఇతర సాక్ష్యాలు ఈ జాబితాకు ఎదురు చెబుతున్నాయి. రెండో శతాబ్దపు వ్యాఖ్యాత హెరాక్లియోన్ మాటలను అలెగ్జాండ్రియా క్లెమెంతు ఎత్తి రాశాడు: అందరూ అధికారుల ముందు నోటితో ఒప్పుకుని ప్రాణమివ్వలేదు అంటూ, అలా ఇవ్వని వారిలో మత్తయి, ఫిలిప్పు, తోమా, లేవి పేర్లు చెప్పాడు. హెరాక్లియోన్ సనాతన సంఘంవాడు కాడు, జ్ఞానవాదుల వర్గంవాడు, అతని మాట ఎందుకు వినాలి అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ అతన్ని ఉటంకించిన క్లెమెంతు సంఘంవాడే, అతనితో ఇతర విషయాల్లో వాదించినవాడే; ఈ పేర్ల దగ్గర మాత్రం ‘కాదు, వాళ్ళూ హతసాక్షులే’ అని దిద్దలేదు. ఇక ఎఫెసు బిషప్ పొలిక్రటీస్ 190 ప్రాంతంలో రోముకు రాసిన లేఖలో ఫిలిప్పు హియెరాపొలిలో నిద్రిస్తున్నాడని, అతని ఇద్దరు కుమార్తెలు కూడా అక్కడే ఉన్నారని రాశాడు. అదే లేఖలో పొలికార్పును హతసాక్షి అని పేర్కొన్నాడు. ఫిలిప్పుకు ఆ మాట వాడలేదు. మూడో శతాబ్దంలో ఒరిజెన్ తోమాకు పార్థియా, అంద్రెయకు సిథియా, యోహానుకు ఆసియా వంతు వచ్చాయని చెప్పి, పేతురు సిలువ మరణం, పౌలు హతసాక్ష్యం ప్రస్తావించాడు. తోమా, అంద్రెయ ఎలా పోయారో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. హతసాక్షులను అంతగా గౌరవించిన ఆ కాలంలో, తెలిసి ఉంటే చెప్పకుండా ఊరుకునేవారు కారు.

తర్వాతి శతాబ్దాల్లో ఖాళీలన్నీ నిండాయి. ప్రతి పట్టణానికి తన అపొస్తలుడు, తన సమాధి, తన పండుగ కావలసి వచ్చింది. అందుకే ఒక్కొక్కరికి రెండు మూడు మరణాలు కనిపిస్తాయి. బర్తొలొమయిని ఒకచోట చర్మం ఒలిచారు, ఇంకోచోట సిలువ వేశారు, మరోచోట తల నరికారు. సీమోను పర్షియాలో చనిపోయాడని ఒక కథ, బ్రిటన్‌లో అని ఒక కథ. ఒకే మనిషి ఇన్ని విధాలుగా చనిపోలేడు. జాబితా తయారు చేసేవాళ్ళు వీటిలో అన్నిటికన్నా భయంకరమైనది ఏరుకుని మిగతావి దాచిపెడతారు. 1563లో ఇంగ్లండులో ఫాక్స్ అచ్చు వేసిన హతసాక్షుల గ్రంథం ఆ ఎంపికను ప్రొటెస్టెంటు ఇళ్ళలోకి తీసుకెళ్ళింది. అంద్రెయ ఎక్స్ సిలువ మధ్యయుగపు చిత్రాలతో స్థిరపడింది, పాత కథలో లేదు. పౌలు తల తెగినప్పుడు పాలు చిమ్మాయన్నది పౌలు కార్యములలోని కల్పన. యోహానును మరుగుతున్న నూనెలో వేస్తే ఏమీ కాలేదన్న మాట సంఘ రచయిత తెర్తుల్లియన్ కన్నా ముందు ఎక్కడా వినపడదు.

అన్నిటిలోనూ తోమా భారతదేశానికి వచ్చాడన్న నమ్మకాన్ని మాత్రం పూర్తిగా కొట్టివేయడానికి మనసొప్పదు, ఆధారాలూ ఒప్పవు. తోమా కార్యములలో కనిపించే గొండొఫరెస్ రాజును చాలాకాలం కల్పిత పాత్ర అనుకున్నారు. 19వ శతాబ్దంలో వాయవ్య భారతంలోనూ కాబూలు ప్రాంతంలోనూ అతని నాణేలు దొరికాయి, తఖ్త్-ఇ-బహీ శాసనం అతన్ని సరిగ్గా మొదటి శతాబ్దంలోనే నిలబెడుతోంది. కేరళ తీరంలోని ముజిరిస్ రేవుకు రోమన్ ఓడలు ఏటా వచ్చేవి. కాబట్టి తోమా రావడం అసాధ్యం కాదు, బహుశా వచ్చే ఉంటాడు కూడా. అంతవరకే. ఎలా చనిపోయాడన్నది వేరే విషయం. పాత పుస్తకంలో చంపించినది పర్షియన్ పేరున్న మజ్దాయి రాజు, చంపినది అతని సైనికులు. తోమా చనిపోయిన చోటుగా ఇవాళ చెప్పుకునే చెన్నైలోని మైలాపూరు పేరే ఆ కథలో లేదు. 13వ శతాబ్దం చివర్లో మార్కో పోలో విన్న కథ ప్రకారం, తోమా అడవిలో ప్రార్థన చేసుకుంటుండగా నెమళ్ళను కొట్టబోయిన వేటగాడి బాణం గురి తప్పి తగిలింది. హత్య కాదు, ప్రమాదం. కులం పేరుతో నిందించే కథనం గట్టిగా వినిపించేది ఆ తర్వాత, పోర్చుగీసువారి కాలంలో. చెన్నైలో సెయింట్ థామస్ మౌంట్ చూసి వచ్చే తెలుగు యాత్రికులకు ఈ మూడు కథలూ పక్కపక్కన పెట్టి చెప్పాలి. మూడోది ఒక్కటే చెప్పడం అన్యాయం.

ఇదంతా విశ్వాసానికి వ్యతిరేకుల వాదన కాదా అని కొందరు కోపగించుకుంటారు. క్రైస్తవ విశ్వాసాన్ని సమర్థిస్తూ రాసే షాన్ మెక్‌డవెల్ 2015లో అపొస్తలుల మరణాలపై ఒక పుస్తకమంతా రాసి, గట్టి ఆధారం ఉందని తేల్చింది ముఖ్యంగా పైన చెప్పిన నలుగురికే. వాదం నిలబడాలంటే అందరూ చనిపోయారని చెప్పనక్కర లేదు, ప్రాణాపాయానికి సిద్ధపడ్డారని చూపితే చాలని ఆయన దారి మార్చుకున్నారు. అది నిజాయితీ గల దారి. పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 11వ అధ్యాయంలో ఐదుసార్లు కొరడా దెబ్బలు, మూడుసార్లు బెత్తపు దెబ్బలు, ఒకసారి రాళ్ళ దెబ్బలు తిన్నానని తన చేత్తో తానే లెక్క చెప్పుకున్నాడు. శతాబ్దాల తర్వాత పుట్టిన రంపం కథ కన్నా ఆ ఒక్క పేరాకు ఎక్కువ బరువుంది. ఎటొచ్చీ, ప్రాణమివ్వడానికి సిద్ధపడటం వారి నమ్మకం ఎంత నిజమైనదో చెబుతుంది గానీ, నమ్మిన సంగతి జరిగిందని దానంతటదే రుజువు చేయదు. అన్ని మతాల్లోనూ ప్రాణమిచ్చినవాళ్ళున్నారు. దీన్ని బోధకులు ముందే ఒప్పుకుంటే, ఆ మాట రేపు ఇంకెవరో ఎత్తిచూపినప్పుడు యువకులు కంగారుపడరు.

అందుకని జాబితా ఫార్వర్డ్ చేసే ముందు ప్రతి పేరు పక్కన ఆ మాట మొదట ఏ పుస్తకంలో, ఏ శతాబ్దంలో కనిపించిందో రాసి చూడండి, రాయలేకపోతే పంపకండి. ప్రసంగంలో చెప్పవలసి వస్తే ‘సంఘ సంప్రదాయం ప్రకారం’ అన్న మాట మింగేయకండి. తోమా పేరుతో కులాన్ని తిట్టే వాక్యం కనిపిస్తే అక్కడే, అదే గ్రూపులో ఖండించండి. చాటుగా చెబితే చాలదు. ఇక సండే స్కూల్, వీబీఎస్ బైబిల్ క్విజ్‌లలో అపొస్తలుడి పేరుకూ చంపిన ఆయుధానికీ గీత కలిపే ‘జతపరచండి’ ప్రశ్న తీసేయండి. పదేళ్ళ పిల్లకు చర్మం ఒలిచే కత్తి గుర్తుండిపోవడం వల్ల లాభం లేదు, అది నిజమని చెప్పడానికి మన దగ్గర ఆధారమూ లేదు. దాని బదులు కార్యములు 12వ అధ్యాయం చదివించి, యాకోబు చనిపోయిన ఆ అధ్యాయంలోనే పేతురు చెరసాల నుంచి ఎలా బయటపడ్డాడో, తలుపు తీయకుండా లోపలికి పరుగెత్తిన ఆ పనిపిల్ల పేరేమిటో అడగండి.