చేపల జాడ - తీరగ్రామ పంచాయతీల పని

కడలిలో చేపలు ఒక్కచోట నిలిచియుండవు. వానిని వెదకుటలోనే మత్స్యకారుల కాలమును, డీజిలును చాలవరకు వ్యయమగుచున్నవి. ఈ కష్టమును తగ్గించుటకై, 1999లో హైదరాబాదునందు స్థాపింపబడి ఇన్‌కాయిస్ అని వ్యవహరింపబడు భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము చేపలు లభింపగల తావులను సూచించుచున్నది.

కృత్రిమోపగ్రహములు సముద్రోపరితలపు వేడిమిని, నీటి రంగును కొలుచును. చల్లని నీరును వెచ్చని నీరును కలియు సరిహద్దులందు కంటికానని నీటిమొక్కలు వృద్ధియగును. ఆ పచ్చదనమే రంగులో తెలియును. వానిని మేయు చిన్నప్రాణుల కొరకు చేపలు చేరును. రేవునుండి ఏ దిక్కున, ఎంత దూరమున, ఎంత లోతున ఆ తావు గలదో తెలుగుననే తెలుపుదురు. దట్టముగ మేఘములు క్రమ్మిన ఉపగ్రహమునకు కడలి సరిగా కానరాదు. మరపడవల వేటకు నిషేధమున్న ఏప్రిల్ 15 - జూన్ 14 నడుమ ఈ సూచనలుండవు.

శాస్త్రజ్ఞులు ప్రతి రేవునకు వచ్చి చెప్పలేరు గదా! అందులకు మత్స్యశాఖయు, సహకార సంఘములును, పంచాయతీయు తోడుకావలెను. బల్లపై వ్రాసిన చాలదు; చదువురానివారికి బిగ్గరగా చదివి వినిపింపవలెను. వేటనుండి వచ్చినవారికి ఎచ్చట ఏమి దొరకినదో కేంద్రమునకు తెలిపినచో, సూచనలను సరిచూచుకొనుటకు వీలగును. దూరపు తావులు మరపడవలకే అందును. తెప్పలవారిని అచ్చటికి పురికొల్పరాదు. ఆ కేంద్రమే ఎత్తైన అలలు వచ్చునని హెచ్చరించిన దినమున, చేపల సూచన ఎంత ఆశ గొల్పుచున్నను, పడవలు ఒడ్డుననే యుండవలెను.