తొలి విల్లు

నల్లమల చెంచులకు విల్లు ఒకప్పటి జీవనాధారాలలో ఒకటి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేడు వన్యమృగాల వేట నేరం. అయినా విలువిద్య అంతరించలేదు, క్రీడగా వర్ధిల్లుతున్నది. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణాలు సాధించడమే ఇందుకు నిదర్శనం.

విల్లును ఎన్నుకోవడంలో మొదటి సూత్రం స్వశక్తిని ఎరగడం. నారిని లాగడానికి కావలసిన బలాన్ని పౌండ్లలో కొలుస్తారు. శక్తికి మించిన విల్లును పట్టితే భుజం వణుకుతుంది, గురి తప్పుతుంది, తప్పుడు భంగిమ అలవాటవుతుంది. కనుక కొత్తగా నేర్చుకొనేవారు సాధారణంగా 20 పౌండ్లకు అటూ ఇటూగా ఉన్న విల్లుతో ఆరంభించి, క్రమంగా బలం పెంచుకోవాలి.

బాణం పొడవు చేయి చాపుకు తగినట్లుండాలి. పొట్టి బాణం వెనుకకు జారి, విల్లు పట్టిన చేతినే గాయపరచవచ్చు. బాణం సంధించకుండా నారిని లాగి విడిస్తే విల్లు విరిగే ప్రమాదముంది.

నారి దెబ్బ తగలకుండా ముంజేతికి కవచం, వేళ్ళకు తోలుతొడుగు అవసరం. ఇవి కొత్తవి కావు. విశ్వామిత్రుని వెంట నడిచిన రామలక్ష్మణులు గోధాంగుళిత్రాణాలు ధరించారని వాల్మీకి వర్ణించాడు. అంతటి వీరులకే అవసరమైన రక్షణను కొత్తవారు ఉపేక్షించరాదు. కొనడానికి ముందు శిక్షకుని చేత కొలతలు తీయించుకోవడం వివేకం.