పల్లెటింటికి ఇంటర్నెట్టు పెట్టె: కొనుటకు ముందు యోచించవలసిన సంగతులు

నూలు కొనునప్పుడు మనవారికి ఒకరు బుద్ధి చెప్పనక్కరలేదు. చిలప చేతబట్టి, పోగు లాగి చూచి, నంబరు సరియైనదో కాదో తేల్చుకొని గాని డబ్బు తీయరు. అచ్చు విషయమూ అంతే. 40 నంబరు నూలుకు పెట్టిన అచ్చు 100 నంబరు నూలుకు పనికిరాదని మన ఇండ్లలో పసివాడు కూడ చెప్పగలడు. అటువంటి మనమే ఇంటర్నెట్టు రౌటరు కొనబోయినప్పుడు మాత్రము, దుకాణములో చూపిన మొదటి పెట్టెకు డబ్బు చెల్లించి ఇంటికి వస్తున్నాము. ఇందువలన కలిగే నష్టమెంతటిదో ఇటీవల మేము కండ్లార చూచినాము. అది నలుగురికి ఉపయోగపడునని ఇక్కడ వ్రాస్తున్నాము.

కర్ణాటకలోని బీదరు జిల్లా ధన్నూరలో మా బంధువుల ఇల్లొకటి ఉన్నది. బీదరు 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. అందుచేత ఆ ప్రాంతములో కన్నడము, మరాఠీ, ఉర్దూలతో పాటు తెలుగు మాట్లాడే కుటుంబములు ఇప్పటికీ ఉన్నవి. ఆ ఇంటిలో రెండు మగ్గములు. అన్నగారు, పెద్ద కొడుకు నేస్తారు. వదినగారు కండెలు చుట్టుతారు. ఫోనులో బేరములు చూచేది కోడలు. హైదరాబాదు వర్తకుడొకరు పన్నెండు చీరలకు మాట ఇచ్చి, పడుగు వేయకముందు అంచు రంగులు వీడియోలో చూపుమన్నారు. బొమ్మ నిలిచిపోయినది, మాట తెగిపోయినది. మరునాడు ఆ బేరము వేరొకరికి పోయినది.

అంతకు నెల ముందే వారు జరీకని దాచిన డబ్బులో నుంచి 4,500 రూపాయలు తీసి రౌటరు కొన్నారు. "పెట్టె మంచిదే అన్నరు తమ్మీ, మా ఇంట్ల మాత్రం ఫొటో గూడ పోతలేదు" అని అన్నగారు వాపోయినారు. పెట్టె ఎక్కడ పెట్టినారని అడిగితే మగ్గాల గదిలో గూడు చూపినారు. నాలుగు వైపుల మందపాటి రాతి గోడ, పైన ఇనుప రేకులు! ఆ గదిలోనికి గాలియే రాదు, టవరు నుంచి అలలు ఎట్లు వచ్చును?

ముందు ఈ పెట్టె చేసే పని ఏమిటో తెలిసికొనవలె. మొబైలు రౌటరు తనంతట తాను ఇంటర్నెట్టును పుట్టించదు. మన ఫోను వలెనే అందులోను సిమ్ము ఉండును. టవరు నుంచి అందిన దానిని వైఫైగా మార్చి ఇంటిలోని ఫోనులకు పంచును. అందని దానిని పంచలేదు. పడుగు లేనిదే పేక ఎంత మంచిదైనా గుడ్డ కాదు గదా. కనుక వరుస ఇది: మొదట టవరు, తరువాత సిమ్ము, ఆ తరువాతనే పెట్టె.

అంతకన్న ముందు ఇంకొక ప్రశ్న. మీ ఊరికి తీగ వచ్చినదా? గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబరు వేసే పథకమును కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించినది. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు పెట్టినారు. పంచాయతీ కార్యాలయములోను, కేబులు టీవీ వారి వద్దను విచారించండి. ఇంటివరకు ఫైబరు ఇచ్చేవారుంటే ఏ మొబైలు రౌటరు జోలికీ పోవద్దు. ఫైబరుకు గోడలతో గాని దూరముతో గాని పేచీ లేదు. అది లేని ఇంటికే ఈ క్రింది మాటలు.

మొదటి పని, ఇంటిలో టవరు బలమెంతో కొలుచుట. ఇందుకు కానీ ఖర్చు లేదు. ఆండ్రాయిడు ఫోనులో సెట్టింగులలో ఫోను వివరములు తెరచి, సిమ్ము స్థితి అనుచోట చూచిన సిగ్నలు బలము డీబీఎమ్ లెక్కలో కనబడును. అది రుణ సంఖ్య. కనుక అంకె చిన్నదైన కొలది బలము ఎక్కువ. 4జీలో మైనస్ 85, 90 అంటే మేలు. మైనస్ 100 అంటే మధ్యస్థము. మైనస్ 110 దాటితే పని జరుగుట కష్టము. ఈ లెక్కలో 10 తేడా అంటే పది రెట్లు. ధన్నూరలో మగ్గాల గదిలో మైనస్ 112 చూచినాము. మెట్లెక్కి మిద్దె మీద చూస్తే మైనస్ 90. తేడా 22, అనగా నూరు రెట్లకు పైబడిన బలము. ఆ ఇంటి కష్టమంతా ఆ పదిహేను మెట్లలోనే ఉన్నది.

రెండవ పని, సిమ్ము నిర్ణయము. ఇరుగుపొరుగువారి వద్ద జియో, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్ సిమ్ములలో ఏవి దొరికితే అవి అడిగి తెచ్చుకొని, ఒకే ఫోనులో, ఒకే చోట, ఒకదాని తరువాత ఒకటి వేసి చూడండి. తెల్లవారుజామున, మధ్యాహ్నము, రాత్రి ఎనిమిది గంటలకు మూడు పూటల కొలవండి. ఊరంతా ఫోను పట్టుకొనే రాత్రివేళ నిలిచినదే మనకు పనికివచ్చు సిమ్ము. వేగము కొలుచుటకు ట్రాయ్ వారి మైస్పీడు యాప్ ఉన్నది. అందులో దిగుమతి వేగమునే చూచి మురిసిపోరాదు. సినిమా చూచేవారికి దిగుమతి ముఖ్యము. చీర చూపించి అమ్మేవారికి ఎగుమతి ముఖ్యము. టవరు పదుల వాట్ల బలముతో పలుకును. మన ఫోనో, పెట్టెయో వాటులో అయిదవ వంతు బలముతో బదులు పలుకవలె. అందుచేత దూరపు పల్లెలలో ముందుగా దెబ్బతినేది ఎగుమతియే.

సరిహద్దు జిల్లాలవారు ఇంకొక మాట గమనించవలె. బీదరు జిల్లాకు తూర్పున తెలంగాణము, పడమట మహారాష్ట్రము. టెలిఫోను లెక్కలో ఇవి వేర్వేరు సర్కిళ్లు. ఒకే కంపెనీకి ఒక్కొక్క సర్కిలులో తరంగముల వాటా వేరుగా ఉండును. జహీరాబాదులో మీ చుట్టముల ఇంట బాగా పనిచేసిన సిమ్మే మీ ఊరిలోను బాగుండునని నమ్మకము లేదు. మీ ఇంటిలో కొలిచిన అంకెయే మీకు ప్రమాణము.

మూడవది, పెట్టె. నూలుకు నంబరు ఉన్నట్లే తరంగములకును నంబర్లున్నవి. వీటిని బ్యాండు అంటారు. మన దేశములో 4జీకి వాడుకలో నున్న ముఖ్యమైనవి 1, 3, 5, 8, 28, 40, 41. వీటిలో 5, 8, 28 తక్కువ పౌనఃపున్యముగలవి. దూరము పోవును, గోడలను కొంత దాటును. 40, 41 దగ్గర టవరుకు మంచివి. జియోకు బ్యాండు 5 ముఖ్యము, బీఎస్ఎన్ఎల్‌కు 28 ముఖ్యము. పెట్టె అట్టమీద గాని లోపలి కాగితముమీద గాని ఈ నంబర్లు వ్రాసి ఉండును. మన సిమ్ముకు కావలసిన నంబరు అందులో లేకుంటే, ఆ పెట్టె ఎంత చవుకైనా అది నంబరు కలియని అచ్చే. అన్నివిధముల కలిసిన 4జీ పెట్టెలు 2,000 నుంచి 5,000 రూపాయల మధ్య దొరకుచున్నవి.

మరి నాలుగు సంగతులు దుకాణములోనే అడగండి. ఏ కంపెనీ సిమ్మైనా వేయవచ్చునా, లేక ఒకే కంపెనీకి తాళము వేసినదా? బయటి యాంటెన్నా తగిలించుటకు మరలు ఉన్నవా? ల్యాను తీగకు రంధ్రమున్నదా? పాత 3జీ సరుకు కాదు గదా? ఎయిర్‌టెల్ 2020లోనే 3జీని ఆపివేసినది. జియోకు 3జీ మొదటినుంచీ లేదు. ఇక 5జీ మాట. మన దేశములో 2022 అక్టోబరు 1న 5జీ ప్రారంభమైనది. 2023లో ఎయిర్‌టెల్, జియో రెండును ఎయిర్‌ఫైబర్ పేరుతో ఇండ్లకు 5జీ పరికరములు తెచ్చినవి. మీ ఊరిలో ఆ సేవ ఉన్నదంటే, పెట్టె కొననక్కర లేకుండా వారే బిగించి పోవుదురు గనుక నెలసరి రుసుము విచారించి చూడండి. ఊరిలో 5జీ లేనప్పుడు 5జీ పెట్టెకు రెట్టింపు ధర పెట్టుట దండుగ.

పెట్టె కొన్న తరువాత దానిని ఎక్కడ పెట్టుట అనేది ధరకన్న పెద్ద ప్రశ్న. టవరు వైపున్న కిటికీ, మెట్లపై గది మేలు. మగ్గాల గది దూరమైతే యాంటెన్నా తీగను పొడిగించవద్దు. సన్నని యాంటెన్నా తీగ పది మీటర్లు పోయేసరికి సగానికి పైగా బలము తినివేయును. పెట్టెనే పైన పెట్టి, అక్కడనుంచి ల్యాను తీగ క్రిందికి దింపండి. అది 100 మీటర్ల వరకు నష్టము లేకుండ నడచును. వైఫైలో 2.4 అనునది గోడలు దాటును. 5 అనునది వేగముగలది గాని గోడలను అంత బాగా దాటలేదు. వర్షాకాలమున పిడుగుల వేళ బయటి తీగలు ఊడదీయుట మరువరాదు. కరెంటు పోయే ఊళ్లలో 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టుకొంటే కొన్ని గంటలు నడచును. సిగ్నలు పెంచే బూస్టరు యంత్రములని కొందరు అమ్మజూపుదురు. లైసెన్సు లేకుండ అవి పెట్టుట నేరము. ఊరందరి ఫోనులు చెడును. వాటిని ముట్టవద్దు.

ధన్నూర ఇంటిలో మేము ఇంకొక పొరపాటు కూడ చూచినాము. అన్నగారి బ్యాంకు ఖాతాకు కట్టిన నంబరు సిమ్మునే రౌటరులో వేసినారు. బ్యాంకు పంపిన ఓటీపీలన్నీ పెట్టెలో పడి ఉన్నవి. ఆయన చేతి ఫోనుకు ఒక్కటి రాలేదు. నూలు డబ్బు చెల్లించలేక రెండు దినములు తిరిగినారు. రౌటరుకు వేరే సిమ్ము తీసికొనండి. దినమునకు 1.5 జీబీ అనే పథకములు నలుగురు వాడే ఇంటికి చాలవు. గంట వీడియో మాటకే అర జీబీ నుంచి ఒక జీబీ పోవును. వాట్సాపులో మామూలుగా పంపిన ఫొటో నలిగిపోవును; చీర రంగు ఉన్నదున్నట్లు తెలియవలెనంటే హెచ్‌డీగా గాని డాక్యుమెంటుగా గాని పంపవలె. పెట్టెతో వచ్చిన రహస్యపదము వెంటనే మార్చుకొనవలె. లేకుంటే మన డేటాతో వీధివారు సినిమాలు చూచెదరు.

అన్నగారి పెట్టెలో దోషమేమీ లేదు. దానిని మెట్లపైకి మార్చి, రాత్రివేళ నిలిచిన వేరొక కంపెనీ సిమ్ము వేసి, ముప్పది మీటర్ల ల్యాను తీగ దింపి, పాత రౌటరొకటి గదిలో తగిలించినాము. ఖర్చు ఆరువందల లోపు. కోడలు మగ్గము ముందు నిలిచి అంచు చూపితే అవతలివారు జరీ పోగు కూడ గుర్తించినారు. పోయిన పన్నెండు చీరల బేరము తిరిగి రాలేదు. వచ్చినది ఆరు చీరల బేరము. "ఈ మెట్లు ముందే ఎక్కి చూస్తే అయిపోయేది" అన్నారు వదినగారు.

ప్రతి ఇల్లూ ఇట్లు డబ్బు పోగొట్టుకొని నేర్చుకొననక్కర లేదు. మన శాఖా సంఘములు ఒక్కొక్కటి, అన్ని బ్యాండ్లు పట్టే రౌటరు ఒకటి, నాలుగు కంపెనీల సిమ్ములు ఉంచుకొని, కొనదలచిన సభ్యులకు మూడు దినములు పరీక్షకు ఇచ్చిన బాగుండునని మా మనవి. అంతవరకు పాత ఫోనునే హాట్‌స్పాటుగా చేసి మిద్దె మీద పెట్టి చూడండి. దానితోనే పని జరిగితే ఆ డబ్బు జరీకి ఉంచుకొనండి. పని జరుగకుంటే, అప్పుడు అంకెలు కాగితము మీద వ్రాసికొని దుకాణమునకు పోవచ్చును.