ఉప్పాడ నుంచి కోరంగి దాకా

ప్రయాణమంటే మన ఇళ్ళలో ఇప్పటికీ రెండే అర్థాలు: అయితే తీర్థయాత్ర, కాకపోతే పెళ్ళి. ఊరికే చూసి రావడానికి వెడుతున్నామంటే ఇరుగుపొరుగులు నమ్మరు. అందుచేత సంక్రాంతి సెలవుల్లో విశాఖపట్నం నుంచి కారులో సముద్రతీరం చూసివద్దామని మావారు అనగానే, మా అత్తగారు అందులో అన్నవరం కలిపి దానికో పవిత్రత తెచ్చారు. ఆవిడ మనసులో మరో కోరిక కూడా ఉంది. డెబ్భైఎనిమిదేళ్ళ ఆవిడ పుట్టిల్లు ఉప్పాడ. మనమలకు ఆ ఊరు చూపించాలి.

తుని దాటి, అన్నవరంలో సత్యదేవుని దర్శనం చేసుకుని, విస్తరాకు పొట్లంలోని గోధుమనూక ప్రసాదం కారులోనే పంచుకున్నాము. కత్తిపూడి దగ్గర పెద్దరోడ్డు విడిచి, పిఠాపురం మీదుగా ఉప్పాడ చేరాము.

గవ్వలు ఏరుకుందామని ఉరికిన పిల్లలకు ఇసుకకు బదులు పెద్ద పెద్ద రాళ్ళు ఎదురయ్యాయి. కెరటాలు ఊరిమీదికి రాకుండా పేర్చిన రాళ్ళవి. అత్తగారు వాటి దగ్గర నిలబడి సముద్రంకేసి చెయ్యి చాచారు.

"అదుగో, ఆ కెరటం విరుగుతోందే, అక్కడే మా వీధి అరుగు."

నాయనమ్మ వేళాకోళం చేస్తోందనుకుని మా చిన్నవాడు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "అరుగు దిగితే కొబ్బరిచెట్లు. అవి దాటి చాలాదూరం ఇసుకలో నడిస్తేగాని సముద్రం వచ్చేది కాదురా" అన్నారు. వాడు మాట్లాడకుండా ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

ఆ ఊళ్ళో మునిగింది ఒక్క ఇల్లు కాదు. వీధులూ, గుళ్ళూ పోయాయి. ఉప్పాడ నుంచి కాకినాడ వెళ్ళే తీరపు రోడ్డును కూడా తుఫాను వచ్చినప్పుడల్లా సముద్రం కోసేస్తుంది. మళ్ళీ వేస్తారు, మళ్ళీ కోస్తుంది. ఆ రోడ్డుమీద పోతున్నంతసేపూ కారులో ఎవరూ మాట్లాడలేదు.

ఇక్కడ మింగిన సముద్రమే కాకినాడ ఎదుట నేలను పుట్టించింది. గోదావరి మోసుకొచ్చిన ఇసుకను కెరటాలు పోగుచేయగా, గత రెండువందల ఏళ్ళలో సుమారు 16 కిలోమీటర్ల పొడుగున ఒక దిబ్బ ఏర్పడింది. దానినే హోప్ ఐలండ్ అంటారు. కాకినాడ రేవుకు అలల తాకిడి తగలకుండా అదే అడ్డుగోడ. చలికాలంలో సముద్రపు తాబేళ్ళు ఈ ప్రాంతపు ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి.

కాకినాడలో కాజాలు కొనుక్కుని, యానాం రోడ్డున ఇరవై కిలోమీటర్ల లోపే ఉన్న కోరంగికి వెళ్ళాము. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది. అక్కడినుంచి మనవాళ్ళు రంగూను వెళ్ళేవారు. అందుకే బర్మావారు తెలుగువాళ్ళను కోరంగీలని పిలిచారు. 1789లోనూ, 1839లోనూ వచ్చిన తుఫానులు ఆ వైభవాన్ని ముంచేశాయి. ఇప్పుడు కోరంగి పేరు చెబితే జ్ఞాపకం వచ్చేది మడ అడవి. 1978లో సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర దీనిని అభయారణ్యం చేశారు.

బురదమీద వేసిన చెక్కబాటన లోపలికి నడిచాము. ఇక్కడి చెట్ల రీతే వేరు. మన చెట్ల వేళ్ళు కిందికి పోతే, మడచెట్టు వేళ్ళు ఊపిరి కోసం మేకుల్లా పైకి లేస్తాయి. తిల్లచెట్టు పాలు కంట పడితే ప్రమాదమట. పిల్లలను ఆకు తుంచనివ్వలేదు. కొన్ని జాతులలో గింజ తల్లిచెట్టు మీదే మొలకెత్తి, ఆ తరవాత బురదలో పడి నాటుకుంటుంది. బురదలో గెంతే చేపను చూసి మా అమ్మాయి కేరింతలు కొట్టింది. బావురుపిల్లులు, నీటికుక్కలు మాత్రం మాకు కనబడలేదు.

"తుఫానని కబురొస్తే పడవలన్నీ ఈ కాలవల్లోకే తెచ్చి కట్టేస్తామండి. కెరటం ఈ చెట్లలో పడి చచ్చిపోద్దండి" అన్నాడు పడవవాడు.

"మా ఊరిముందు కూడా ఈ చెట్లు నాటితే?" అని అడిగారు అత్తగారు.

"బతకవండి మామ్మగారూ! మడకి బురద కావాలి, నెమ్మదైన నీళ్ళు కావాలి. కెరటం బాదే ఇసకలో నిలవదండి. ఉన్నచోట నరక్కుండా చూసుకోటమేనండి."

నరికిన చోట మళ్ళీ పెంచడానికి, చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, సముద్రపు పోటును బీడులోకి రప్పించి మొలకలు నాటారు. ఒకసారి పోయిన అడవిని తిరిగి తేవడానికి ఇంత శ్రమ పడాలి.

ఉప్పాడకూ, కోరంగికీ మధ్య ముప్పైఅయిదు కిలోమీటర్లు కూడా ఉండదు. నేల పోవడం ఎలా ఉంటుందో, నేలను నిలుపుకోవడం ఎలా ఉంటుందో ఒక్క రోజులో పిల్లల కళ్ళకు కట్టించవచ్చు. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా ఎండ బాధ ఉండదు. పడవ ఎక్కదలిస్తే పోటు వేళ ముందుగా కనుక్కోండి. మంచినీళ్ళు మరిచిపోకండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వారిని తప్పక తీసుకువెళ్ళండి. నీళ్ళకింద ఉన్న వీధులను చూపించగలిగేది వాళ్ళే.