రౌతు కొద్దీ గుర్రం

‘రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది’ అనే సామెత మీరు విన్నదే. అదుపు చెయ్యలేని వాడిని గుర్రం లెక్కచెయ్యదని దాని భావం. డాక్టరుగా నాకు మాత్రం రౌతు మెత్తదనం కంటే అతని వంకర కూర్చోవడమే పెద్ద తప్పుగా కనిపిస్తుంది.

మీ పిల్లల్ని స్వారీ నేర్చుకోవడానికి పంపుతున్నారా? అయితే ఇది మీకోసమే. “మావాడు ఎక్కితే గుర్రం ఎడమకు చక్కగా తిరుగుతుంది, కుడికి మొరాయిస్తుంది” అని ఒక తండ్రి నాతో అన్నారు. కుర్రవాడిని చొక్కా విప్పించి గట్టి స్టూలు మీద కూర్చోబెట్టి వెనకనుంచి చూశాను. బరువంతా ఎడమ పిరుదు మీదే ఉంది!

నిలబడిన గుర్రం తన బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ళ మీదే మోస్తుంది. దానిపైన మనిషి ఒక పక్కకు ఒరిగితే, గుర్రం ఆ బరువు కిందికి తన ఒంటిని జరుపుకుంటుంది. తలమీద నీళ్ళబిందె ఒరిగినప్పుడు మనమూ అటే అడుగు వేస్తాం కదా! అలా రోజూ సాగితే దాని వీపు కండరాలు ఒకవైపు బిగుసుకుంటాయి, అడుగు పొట్టిదవుతుంది. నిలకడ లేని రౌతు పగ్గాలు పట్టుకు వేలాడతాడు. కళ్ళెం నోట్లో ఒత్తుకుని గుర్రం తల పైకెత్తి, వీపు కిందికి వంచేస్తుంది. నేలచూపులు కూడా మంచివి కావు. పెద్దవాళ్ళ తల నాలుగైదు కిలోలుంటుంది. అది ముందుకు వాలితే నడుమూ దాని వెంటే పోతుంది.

మన నిలకడకు ఆధారాలు మూడు: కళ్ళు, లోపలి చెవి, కీళ్ళూ కండరాలూ మెదడుకు పంపే కబుర్లు. కాళ్ళ బలం ఆ తరువాతి మాట. డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్‌కు 1944లో పోలియో వచ్చి మోకాళ్ళ కింద చచ్చుబడింది. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ మరొకరి సాయం కావాలి. అయినా 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, గుర్రం చేత లయబద్ధంగా అడుగులు వేయించే డ్రెస్సాజ్ పోటీలో, మగవాళ్ళతో తలపడి రజత పతకం గెలిచింది. 1956లో మళ్ళీ గెలిచింది.

ఈ సంబంధం రెండువైపులా పనిచేస్తుంది. గుర్రం నడుస్తుంటే పైనున్నవారి నడుము, మనం నడిచేటప్పుడు కదిలినట్టే కదులుతుంది. అందుకే సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు నడుము నిలబడేందుకు దీన్ని చికిత్సలో భాగంగా వాడుతున్నారు. ఇది జబ్బును మాన్పే మందు కాదు. ఫిజియోథెరపిస్టు దగ్గర ఉండాలి. డౌన్ సిండ్రోమ్ పిల్లలకు మెడ ఎముకల పరీక్ష ముందు చేయించాలి. అదుపులో లేని మూర్ఛలు, ఎముకల గుల్లతనం, గర్భం ఉన్నవారు స్వారీ జోలికి పోవద్దు. ఇక హెల్మెట్ లేకుండా గుర్రం ఎక్కించే చోటికి అసలు పంపకండి.

ఇంట్లో మీరే చూడవచ్చు. పిల్లవాడిని ముందుకు వంగమనండి. వీపు ఒకపక్క ఎత్తుగా ఉబికితే వెన్నుపూస వంకర ఉందేమో డాక్టరుకు చూపించండి. చెప్పుల మడమ ఒకవైపే అరిగితే కాళ్ళ పొడవు కొలిపించండి. అన్నీ సరిగానే ఉంటే పశువైద్యుడి చేత గుర్రాన్ని చూపించమని అడగండి. వెనకకాలు కుంటే గుర్రం మీద జీను పక్కకు జారి, తిన్నగా కూర్చునే పిల్లవాడు కూడా వంకరగా కనబడతాడు. స్వారీ అయ్యాక జీను తీయించి వీపు మీది చెమట మరక చూడండి. రెండువైపులా ఒకేలా లేకపోతే ఆ జీనును మళ్ళీ అమర్పించేదాకా పిల్లవాడిని ఎక్కనివ్వకండి.